అరిచాను అంటే ఇంగ్లీషులో

బెంగళూరులో పీణ్య దగ్గర ఒక అపార్ట్‌మెంటు. సాయంత్రం వేళ. భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్న స్టాన్లీ. స్కూలు నుంచి అప్పుడే వచ్చిన అతని భార్య సుప్రియ.

“‘రెయిజ్డ్ మై వాయిస్’ అంటే సరిపోతుందా, సుప్రియా?”

“దేనికండీ?”

“అరిచాను అని రాయాలి. కాస్త మర్యాదగా.”

“అరవడాన్ని మర్యాదగా ఎట్లా రాస్తారు?”

“ఇంగ్లీషు టీచరువని అడిగా. క్లాసు పీకమని కాదు.”

“ఉండండి, చేతులు కడుక్కోనివ్వండి... ఎవరికి రాస్తున్నారు?”

“హెచ్.ఆర్. శైలజకి. నిన్న చెప్పాగా రాత్రి. మీటింగులో మైకు ఆన్‌లో ఉండిపోయింది, నాన్న గుమ్మంలోకి వచ్చి ఏదో గొణుగుతున్నాడు, నేను గట్టిగా అన్నాను, అందరూ విన్నారు. ఏం జరిగిందో రేపటికల్లా రాసివ్వమంటోంది.”

“ఇప్పుడు ‘అన్నాను’ అంటున్నారు. ఇందాక ‘అరిచాను’ అన్నారు.”

“మాటలు పట్టుకోకు.”

“మాటలు పట్టుకోడానికే కదా నన్ను పిలిచింది?”

“సరే. చెప్పు. ‘రెయిజ్డ్ మై వాయిస్’.”

“గొంతు పెంచాను అని దానర్థం. ఇద్దరు వాదించుకుంటుంటే పెరుగుతుందే, అది. అవతలి మనిషి ఏదో అంటూ ఉంటాడు, మన గొంతు కూడా కొంచెం లేస్తుంది. మామయ్య మీతో వాదనకొచ్చారా?”

“లేదు. ఆయనేం వాదిస్తాడు.”

“అయితే అది కాదు.”

“‘షౌటెడ్’? దూరంగా ఉన్నవాళ్ళని పిలిచినా షౌటే కదా? క్రికెట్లో అరిచినా షౌటే. అందులో తప్పేం లేదు.”

“షౌట్‌లో తప్పు లేదు. దాని తర్వాత ఏం పెడతారన్నదాంట్లో ఉంది. ‘షౌటెడ్ టు హిమ్’ అంటే ఆయనకి వినపడాలని గట్టిగా చెప్పారని. ‘షౌటెడ్ ఎట్ హిమ్’ అంటే ఆయన మీద అరిచారని.”

“అయితే ‘టు’ పెడతా. ఆయనకి కొంచెం చెవుడని కూడా రాస్తా. పెద్దవాళ్ళకి ఉండేదే కదా.”

“మామయ్య చెవులు బాగానే ఉన్నాయండీ.”

“వాళ్ళకేం తెలుసు?”

“మీకు తెలుసుగా.”

“...సరే, వద్దు. ‘స్నాప్డ్’? విసుక్కున్నాను అని కదా?”

“విసుక్కోడమే. కానీ ఒక్క మాట. చురుక్కుమని ఒక్క మాట అనేసి ఊరుకోవాలి. మీది ఒక్క మాటేనా?”

“దాదాపు.”

“కింద ఫ్లాటు వరూధినిగారు పొద్దున లిఫ్టులో నన్నడిగారు, ‘ఇంట్లో అంతా బాగున్నారా అమ్మా’ అని. ఏదో మామూలుగా అడిగారనుకుని, బాగున్నాం అన్నా. ఆవిడ అట్లాగే నా మొహంలోకి చూస్తూ ఉంది. నేను తల వంచుకుని ఫోను చూసుకున్నా. ఒక్క మాటకి అట్లా అడగరు ఎవరూ.”

“నాకు చెప్పలేదే నువ్వు?”

“ఏమని చెప్పను?”

“...‘స్కోల్డెడ్’ అంటేనో?”

“స్కోల్డ్ చెయ్యాలంటే మీరు పెద్ద, ఆయన చిన్న అయ్యుండాలి. తల్లి పిల్లాణ్ణి చేస్తుంది. నేను క్లాసులో చేస్తా. కొడుకు తండ్రిని స్కోల్డ్ చేశాడని రాస్తే మా ఆరో క్లాసు పిల్లలు నవ్వుతారు.”

“ఏది చెప్పినా కాదంటే ఎట్లా? నువ్వే చెప్పు ఒక పదం.”

“మీరు ఏమన్నారో చెప్తే కదా పదం దొరికేది.”

“అన్నాగా. గట్టిగా మాట్లాడాను.”

“ఏం మాటలు?”

“అవన్నీ ఎందుకిప్పుడు?”

“మీరే అడిగారు పదం. ఏమన్నారు?”

“‘నోరు తెరిచి చెప్పు’ అన్నా.”

“తర్వాత?”

“‘ఏం గొణుగుతావ్, తెలిసేట్టు చెప్పు’ అన్నా. అంతే.”

“అంతేనా?”

“...‘నోట్లో మట్టి పెట్టుకున్నావా’ అన్నా.”

“ఏవండీ.”

“ఊఁ.”

“పక్షవాతం వచ్చిన నోరండీ అది.”

“తెలుసు.”

“సగం పెదవి కదలదు ఆయనకి.”

“తెలుసంటున్నా కదా!”

“ఇదిగో, ఇప్పుడు మీరు చేశారే, దీన్నంటారు ‘రెయిజ్డ్ మై వాయిస్’ అని. నిన్న చేసింది ఇది కాదు. నిన్నటిది ‘యెల్లింగ్’. ఒళ్ళు తెలియని కోపంతో, అవతలి మనిషి హడలిపోయేట్టు అరవడం. తగ్గించి చెప్పడానికి నా దగ్గర ఇంకో మాట లేదు.”

“శైలజ కూడా అదే రాసింది. యెల్లింగ్ అని. అది చూసే... ఆ మాట నా పేరు పక్కన చూసే నాకు ఎట్లాగో అయిపోయింది. ‘స్క్రీమింగ్’ అనలేదు, నయం.”

“స్క్రీమ్ భయానికో నొప్పికో వచ్చేదండీ. ఆ గదిలో భయపడ్డది మీరు కాదు. భయపడ్డాయనకి గొంతు రాదు.”

“చాల్లే సుప్రియా.”

“సరే. ఎంతవరకు రాశారో చదవండి.”

“‘డ్యూరింగ్ ద కాల్, హి కేమ్ టు ద డోర్ అండ్ వాజ్ కంటిన్యువస్లీ మట్టరింగ్...’”

“‘మట్టరింగ్’ తీసెయ్యండి.”

“అదెందుకు? గొణగడమేగా?”

“తెలుగులో అన్నిటికీ గొణగడమే. ఇంగ్లీషులో మట్టర్ అంటే లోపల కోపం పెట్టుకుని, ఎదుటివాడికి వినపడీ వినపడకుండా సణగడం. ఆయన సణుగుతున్నారా?”

“లేదు. అట్లాంటి మనిషి కాదు.”

“పోనీ ‘మంబ్లింగ్’ అని పెట్టినా, నోరు సరిగ్గా తెరవక మాట ముద్దగా రావడం అది. తెరవగలిగి కూడా సిగ్గుకో బద్ధకానికో తెరవనివాళ్ళని కూడా అదే అంటాం. చదివేవాళ్ళు ఆ రెండోదే అనుకుంటారు.”

“మరేం రాయను?”

“‘హి వాజ్ ట్రయింగ్ టు స్పీక్’ అని రాయండి. మాట్లాడ్డానికి ప్రయత్నిస్తున్నాడు అని.”

“అట్లా రాస్తే నేను ఇంకా...”

“ఇంకా?”

“ఇంకా చెడ్డగా కనపడతా.”

“ఆయన ఏం చెప్పడానికి వచ్చారో తెలిసిందా మీకు తర్వాతైనా?”

“మీటింగ్ అయ్యాక గదిలోకి తొంగి చూశా. గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నా.”

“నిద్రపోతున్నారనుకున్నారా, నిద్రపోతే బాగుండనుకున్నారా? బాత్రూం తలుపు బిగుసుకుపోయిందండీ. ఈ వానలకి ఉబ్బింది. నిన్న సాయంత్రం నేను లాగితే నాకే రాలేదు, కాలు అడ్డం పెట్టి లాగాను. ఆయనకి పనిచేసేది ఎడం చెయ్యి ఒక్కటే. తలుపు తీసిపెట్టమని వచ్చుంటారు మీ దగ్గరికి.”

“నీతో చెప్పాడా?”

“ఆయన చెప్పలేదు. నిన్న నేను స్కూలు నుంచి వచ్చేసరికి ఆయన పంచె బకెట్లో నానేసి ఉంది. గది తుడిచి ఉంది. మూలల్లో ఇంకా తడి ఆరలేదు. ఒంటిచేత్తో ఎట్లా తుడుచుకున్నారో ఏమో. నేను చూడనట్టే పక్కకి వచ్చేశా.”

“దేవా...”

“ఏడవకండి.”

“ఏడవట్లేదు.”

“సరే. టీ పెడతా.”

“వద్దు. కూర్చో. ఇది అయిపోనీ ముందు.”

“రాయండయితే. ‘ఐ యెల్డ్ ఎట్ హిమ్’ అని పెట్టండి. యెల్ అని వాళ్ళే అన్నప్పుడు, మీరు ఇంకో చిన్న మాట పెడితే తప్పించుకున్నట్టు ఉంటుంది.”

“పెట్టా.”

“ఏదీ, ఇటు తిప్పండి... అండీ, ఇదేంటి? ‘హి’, ‘హిమ్’, ‘హి’, మళ్ళీ ‘హిమ్’. ఎవరో ఎక్కడా లేదే?”

“ఏముంది దాన్లో?”

“మొదటిసారి పేరో వరసో చెప్పి, ఆ తర్వాత కదా ‘హి’ అనేది. ఇక్కడ ‘మై ఫాదర్’ అని పెట్టండి.”

“వద్దులే.”

“వద్దేంటి? చదివేవాళ్ళకి తెలియాలి కదా.”

“వాళ్ళకి తెలుసు.”

“ఏం తెలుసు?”

“ఎవరో. ఎవరి గురించో. మెయిల్లోనే ఉంది అదంతా.”

“ఆ మెయిల్ ఏదీ?”

“ఎందుకు? నేను చెప్పాగా ఏముందో.”

“చూపించండి.”

“టీ పెడతానన్నావు.”

“ఇందాక వద్దన్నారు. చూపించండి.”

“సుప్రియా, నువ్వు పదాలు సరిచేస్తే చాలు, మిగతాది—”

“జరగండి. ...‘డియర్ స్టాన్లీ, సెవరల్ పార్టిసిపెంట్స్ ఆన్ ద కాల్ వర్ డిస్టర్బ్డ్ టు హియర్ యూ యెల్లింగ్ ఎట్ యువర్...’ ఏంటిది? ‘యువర్ డొమెస్టిక్ హెల్ప్’? మనింట్లో పనిచేసేది శశికళ ఒక్కతే. నిన్న రానేలేదు ఆ పిల్ల. ఎవరనుకున్నారు వీళ్ళు?”

“సుప్రియా.”

“పొరపాటు పడ్డట్టున్నారు. అదే రాయండి ముందు. మీరు పొరపాటు పడ్డారు, ఆయన మా నాన్నగారు అని.”

“వాళ్ళు పొరపాటు పడలేదు.”

“మరి?”

“నేనే చెప్పా.”

“ఏం చెప్పారు?”

“నేను అరవడం ఆపేసరికి స్క్రీన్ మీద అందరూ నన్నే చూస్తున్నారు. ఒక్కళ్ళు కూడా కదలట్లేదు. మైకు గుర్తు చూశా, ఆన్‌లో ఉంది. క్లయింట్ వాళ్ళ పెద్దావిడ అడిగింది, ‘ఎవ్రీథింగ్ ఓకే? హూ ఈజ్ దట్?’ అని. నేను... నోట్లోంచి వచ్చేసింది.”

“ఏమొచ్చింది?”

“‘సారీ, ఇట్స్ జస్ట్ ద హౌస్ హెల్ప్.’”

“‘జస్ట్’ అన్నారా?”

“అన్నా.”

“పనివాడే లెండి, పట్టించుకోకండి, అని.”

“అట్లా కాదు—”

“దానర్థం అంతేనండీ. తండ్రి మీద అరిస్తే పరువు పోతుంది, పనివాడి మీద అరిస్తే పోదనుకున్నారా?”

“ఏమీ అనుకోలేదు సుప్రియా. అనుకునేంత టైము లేదు. మొన్న టీమ్ లంచ్‌లో అందరూ వాళ్ళ వాళ్ళ నాన్నల గురించి చెప్తుంటే నేనూ చెప్పా. ఫ్యాక్టరీలో హెల్పర్‌గా చేరి, లేత్ మిషను ముందు నిలబడి నిలబడి కాళ్ళు వాచి, నన్ను చదివించాడని. శైలజ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ‘యు ఆర్ లక్కీ’ అంది. ఆ నాన్న మీదే నేను ఇట్లా అరిచానని వాళ్ళకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?”

“అందుకని నాన్నే కాదన్నారు. అప్పుడు మామయ్య ఎక్కడున్నారు?”

“గుమ్మంలో.”

“ఇంకా అక్కడే ఉన్నారా?”

“గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు.”

“విన్నారా?”

“ఇంగ్లీషులో అన్నాలే.”

“ఏవండీ.”

“ఊఁ.”

“హెల్పర్‌గా చేరాడని ఇప్పుడు మీరే కదా చెప్పారు? ఫ్యాక్టరీ అంతా తనని ‘హెల్పర్, హెల్పర్’ అని పిలిచిన మనిషికి ఆ మాట తెలీదా?”

“...ఆయన మొహం చూడలేదు నేను. చూస్తే తెలిసిపోతుందని చూడలేదు.”

“నిన్నట్నుంచి అంతేనా?”

“నిన్నట్నుంచి ఆ గదిలోకి పోలేదు. పొద్దున ఆఫీసుకి పోతా చెప్పులు కూడా బయట వేసుకున్నా, చప్పుడు కాకుండా. మా నాయన, సుప్రియా. ఆయన గది ముందు దొంగమాదిరి నడిచినా. ఏదో ఒకటి అను నువ్వు.”

“మీ పక్కన కూర్చోడానికే నాకు సిగ్గుగా ఉంది. లేచి పోదామన్నా సిగ్గుగానే ఉంది.”

“ఏం చెయ్యను, చెప్పు.”

“నేను చెప్పను. ఇందాకట్నుంచి మాటలు వెతికిపెట్టా. ఇక మీరే రాయండి.”

“...‘ద మ్యాన్ ఐ యెల్డ్ ఎట్ ఈజ్ మై ఫాదర్.’”

“ఊఁ.”

“‘హి హ్యాడ్ ఎ స్ట్రోక్ అండ్ కెనాట్ స్పీక్ క్లియర్లీ. హి వాజ్ ట్రయింగ్ టు స్పీక్.’”

“ఊఁ.”

“‘ఐ లైడ్ అబౌట్ హిమ్.’ సుప్రియా, ఇది పంపితే నా ఉద్యోగమే పోవచ్చు.”

“పోవచ్చు.”

“అయినా పంపమంటావా?”

“మీరు పంపుతారా లేదా అన్నది నన్నడక్కండి. అయితే దానికంటే ముందు ఆ గదిలోకి వెళ్ళండి.”

“వెళ్ళి ఏమనాలి?”

“అది నేర్పడం నాకు రాదు.”

“...వెళ్తా. ఒక్క నిమిషం. మొహం కడుక్కుని వెళ్తా.”

“ఫోను మోగుతోంది మీది.”

“బాషా. మా టీమే. తర్వాత మాట్లాడతాలే.”

“ఆ కాల్లో ఉన్నాడా ఆయన?”

“ఉన్నాడు. మా టీములో తెలుగు వచ్చేది వాడొక్కడికే. నేనన్న మాటలన్నీ అర్థమయ్యాయి వాడికి.”

“ఎత్తండయితే. స్పీకర్లో పెట్టండి.”

“...చెప్పు బాషా.”

“అన్నా, మేడంకి మెయిలు పంపిస్తివా?”

“ఇంకా లేదు. ఇప్పుడే—”

“పంపొద్దు, పంపొద్దు. పెద్ద మాటలేం అనలేదని నేను రాసి పంపించేసినా. నువ్వేం భయపడొద్దన్నా.”

“నువ్వెందుకు పంపినావు?”

“నన్ను కూడా రాసిమ్మనింది మేడం, తెలుగు తెలిసినోడు కదా నువ్వు, ఏమన్నాడో చెప్పు అని. నాకు మనసొప్పలేదు. ఏదో చిరాకులో అన్న మాటకు మనిషి బతుకు పోగొడతామా? ఇంకోటి కూడా చెప్తా, ఏమనుకోవద్దు. నాకు లోపల ఒక అనుమానం ఉండె. పనోడు వచ్చి కొడుకును పిలిచినట్ల ‘అప్పా, అప్పా’ అని పిలుస్తాడా అని. పిలుస్తారులే, మా పక్క అందరూ అట్లే పిలుస్తారు. అయినా మనసుల పీకుతా ఉండె. అందుకే మధ్యాన్నం మీ ఇంటికి పోయినా.”

“మా ఇంటికా?”

“మీరిద్దరూ లేరు. పెద్దాయనే వచ్చి తలుపు తీసె. తీసేదానికి చానాసేపు పట్టె పాపం. లోపలికి పిలిచె, కుర్చీ చూపించె. నేను కూసోమన్నా ఆయన కూసోలేదు, నిలబడే ఉండె.”

“బాషా గారూ, నేను సుప్రియని మాట్లాడుతున్నా. ఆయన మీతో మాట్లాడారా?”

“నమస్తే వదినా. మాట్లాడినాడు. తొందరపెట్టకుంటే బాగానే అర్థమవుతాది. ఒక్కొక్క మాటే వస్తాది, మనం కొంచెం ఆగల్ల, అంతే.”

“ఏమడిగినావు బాషా ఆయన్ని?”

“నేరుగానే అడిగినా. ‘పెద్దాయనా, మీరు స్టాన్లీ అన్న వాళ్ళ నాయనా?’ అని. కొంచేపు నన్నే చూసినాడు. చూసి తల అడ్డంగా ఊపినాడు. ‘లేదప్పా, నేనీ ఇంట్లో పన్జేస్తా ఉండాను. సారు బంగారమట్లాంటోడు, తప్పు నాదే, ఆయప్ప ఉద్యోగానికి ఏమీ కాకుండా చూడు సామీ’ అని నా చెయ్యి పట్టుకున్యాడన్నా.”